పొగమ్మ కనుమకు పిడక మొక్కు

ఉత్తర టిబెట్టులో, చెట్టన్నది మొలవని చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద, ఉప్పు సరస్సుకు రెండు రోజుల నడక దూరాన పొగమ్మ తల్లి కొలువై ఉంది. స్థానికులు ఆమెను దూ-ల్హామో అంటారు. వారి భాషలో దూ అంటే పొగ, ల్హామో అంటే దేవత. మానససరోవర యాత్రకు వచ్చి దారి మళ్ళి ఇటు చేరిన మన తెలుగువారెవరో పొగమ్మ అని పిలుచుకోగా, మనకు ఆ పేరే స్థిరపడింది.

ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఛాతీ ఎత్తున పిడకల గోడ, దాని నడుమ మసిబారిన మూడు రాళ్ళ పొయ్యి, అంతే క్షేత్రం. యాత్రికులు సమర్పించవలసింది జడలబర్రె పిడక ఒక్కటే. సంచిలో భద్రంగా కొబ్బరికాయ మోసుకొచ్చిన మనవారు ఆ మాట విని బిత్తరపోతారు. పిడక మొక్కేమిటని ఈ రచయిత కూడా మొదట ముక్కు చిట్లించినవాడే. ఎండిన పిడకకు వాసనే ఉండదని చేత పట్టుకున్నాక గాని తెలియలేదు.

పూర్వం ఇక్కడ యాంగ్‌జోమ్ అనే ఇల్లాలు తన అత్త పల్మోతో, భర్త తార్‌గ్యేతో గుడారంలో కాపురముండేది. ఈ నేల మీద పంట పండదు. మగవారు ఏటా వసంతంలో సరస్సుకు పోయి ఉప్పు గీకి, చిన్న ఉన్ని సంచుల్లో నింపి, గొర్రెల వీపున కట్టి తెచ్చేవారు. శరదృతువులో ఆ ఉప్పును లోయలకు తోలుకుపోయి, రైతులకిచ్చి బార్లీ తెచ్చుకునేవారు. ఉప్పు రాకపోతే మరుసటి ఏడాది తిండి లేనట్టే. ఇంటిదగ్గర ఆడవారు పాలు పితికి, వెన్న తీసి, పేడ ఎండబెట్టి గుడారం చుట్టూ గోడగా పేర్చేవారు. ఆ గోడే గాలికి అడ్డు, పొయ్యికి వంటచెరకు. చుట్టూ మంచు ఎంత పేరుకున్నా, నిప్పు లేకపోతే కరగదు కనుక, పిడక లేని ఇంట తాగడానికి గుక్కెడు నీళ్ళుండవు.

ఒక ఏడు తార్‌గ్యే ఉప్పుకు వెళ్ళి తిరిగివచ్చే రోజుల్లో మంచు తుఫాను పట్టుకుంది. పేరుకు వసంతమే గాని, చాచిన చేయి కంటికి ఆనేది కాదు. గొర్రెలు ఈనే కాలమది. నలభై గొర్రెపిల్లలు గోడ చాటున ఒకదానినొకటి ఒరుసుకుని పడుకున్నాయి. తార్‌గ్యే సరస్సు దారిలోని కనుమ మీద ఎక్కడో చిక్కుకున్నాడని అత్తాకోడళ్ళిద్దరికీ తెలుసు.

మూడవ నాటి తెల్లవారుజామున యాంగ్‌జోమ్ కలలో మసిబారిన ముఖంతో ఒక స్త్రీ కనిపించి, "గాలికి అన్నం పెట్టు" అని చెప్పి మాయమైంది. యాంగ్‌జోమ్ లేచి వేయించిన బార్లీ పిండిని దోసిళ్ళతో గాలిలోకి చల్లింది. గాలి తగ్గలేదు. వెన్న ముద్ద విసిరింది. తుఫాను ఇంకా హోరెత్తింది.

"ఉన్న పిండి కాస్తా గాలికి పోస్తే మనమేం తింటామే?" అని పల్మో కసిరి, టీ కోసం పొయ్యి ఎగదోసింది. పొగ గుప్పున లేచింది. కొంతసేపటికి, ముందురోజు తప్పిపోయిన కుంటి గొర్రె ఒకటి వచ్చి గుడారానికి ముట్టె ఆనించి నిలబడింది. దాని కళ్ళు రెండూ మంచుతో గడ్డకట్టి మూసుకుపోయి ఉన్నాయి.

యాంగ్‌జోమ్ దానినే చూస్తూ ఉండిపోయింది. చూపు లేనిది ఇల్లెలా పట్టింది? తర్వాత బయటికి వచ్చి గాలి ఎటు వీస్తున్నదో చూసుకుంది. సరిగ్గా కనుమ వైపే వీస్తోంది. గాలికి పెట్టవలసిన అన్నమేదో అప్పుడామెకు బోధపడింది. రెండు చేతులా గోడ పీకి కుప్పపోసి నిప్పంటించింది.

"పిల్లలు చస్తాయే!" అని పల్మో చేయి పట్టుకుంది.

"చస్తాయి ఆమా," అంది యాంగ్‌జోమ్. ఆమా అంటే అమ్మ. "గొర్రెలకు ఈ వాసన తెలుసు. ఆయన వాటి వెంట నడిస్తే చాలు."

మధ్యాహ్నానికి మంచులోంచి ఉప్పు సంచుల గొర్రెలు బారుగా వచ్చాయి. వాటి ఉన్ని పట్టుకుని ఐదుగురు మగవాళ్ళు వచ్చారు. వారిలో తార్‌గ్యే లేడు. అందరూ పొరుగు గుడారాలవారు, నిరుడు పచ్చిక కోసం ఈ ఇంటిమీద రాళ్ళు రువ్వినవారు.

పల్మో వారి ముఖాలు ఒక్కొక్కటే చూసింది. "నా కొడుకు కనిపించాడా?" అని అడిగింది.

"మా వెనకే ఉన్నాడమ్మా. పడిపోయిన గొర్రెకు బరువు విప్పుతూ ఆగాడు," అన్నాడు వారిలో పెద్దవాడు.

అప్పటికి గోడ సగం మిగిలి ఉంది. ఇంతసేపు వద్దన్న పల్మోయే లేచి, వారికి టీ పోసి, మిగతా సగాన్ని తన చేతులతో పీకి మంటలో వేసింది. ఆ మంట మరునాటి సాయంకాలం దాకా మండింది. తార్‌గ్యే రాలేదు. గొర్రెపిల్లల్లో ఏడు బతికాయి. మంచు కరిగాక అతని దేహం కనుమకు అవతలి వాలులో దొరికింది. అంత దూరం పొగ అందలేదు. ఈ ముక్క రాస్తుంటే ఈ రచయితకు నిజంగానే ఏడుపొచ్చింది.

తుఫాను వెలిసిన మూడవ రోజున ఆ ఐదుగురు తిరిగి వచ్చారు. ఈసారి గొర్రెల వీపున ఉప్పుకు బదులు పిడకలున్నాయి. గోడ తిరిగి కట్టి వెళ్ళారు. నాటినుండి యాంగ్‌జోమ్ ఆ చోటు వదలలేదు. గాలి లేచినప్పుడల్లా పొగ వేసేది. ఆమె కలలో కనిపించిన తల్లి ఆ పొయ్యిలోనే ఉన్నదని నమ్మకం.

నేడు ఉప్పు ప్యాకెట్లలో లారీల మీద వస్తోంది. కుర్రకారు మోటారుసైకిళ్ళ మీద మేకల ఉన్ని బేరాలకు తిరుగుతున్నారు. గుడి చూసుకునే ఛోడ్రన్ అనే పెద్దావిడ సెల్‌ఫోను సోలారు పలక మీద చార్జి అవుతూ ఉంటుంది. పిడకల గోడ మాత్రం తరగలేదు. దారి తప్పినవారెవరైనా అడగకుండానే తీసి కాల్చుకోవచ్చు. ఇక్కడ మొక్కుకున్నవారి ఇంట పొయ్యి ఆరదని, దారిన పోయినవారు క్షేమంగా చేరుతారని ప్రతీతి.

యాత్రికులకు ఒక సూచన. పొయ్యిలో పిడక వేసే ముందు ఛోడ్రన్ మిమ్మల్ని, "మీవాళ్ళెవరైనా దారిలో ఉన్నారా?" అని అడుగుతుంది. మీ ఇంటిల్లిపాదీ మీ పక్కనే నిలబడి ఉన్నా సరే, ఉన్నారనే చెప్పాలి.