సింహాచలమ్మ పంటి తొడుగు

పంటికి తొడుగు వేయడంలో తనంతటివాడు లేడని సుధీంద్రకి గట్టి నమ్మకం. నమ్మకమేమిటి, పొగరే అనుకోండి. పళ్ళ డాక్టరు పరాంకుశంగారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు, చెయ్యి కూడా మంచిదే. అలాంటివాడికి చేపలమ్మే సింహాచలమ్మ కొరకరాని కొయ్య అయి కూర్చుంది.

తొడుగు వేసిన దగ్గర్నుంచీ ఆవిడ చిగురు వాచి ఎర్రబడిపోయింది. అన్నం నమల్లేకపోతోంది. బజార్లో గొంతెత్తి కేక పెట్టలేకపోతోంది. కేక లేకపోతే ఆ చేపలు కొనేదెవరు? సుధీంద్ర ఆ తొడుగు తీసి మళ్ళీ కొత్తది చేసి వేశాడు. మళ్ళీ అదే వాపు.

"పన్ను పీకి పారేయండి బాబూ, పీడా పోతాది," అంటూ ఇవాళ ఏడుపు మొహంతో వచ్చింది. నిక్షేపంలాంటి పన్ను!

సుధీంద్ర గురువుగారిని పిలుచుకొచ్చాడు.

"నా పనిలో వంక లేదు సార్. అంచు దగ్గర వెంట్రుక కూడా దూరదు. నికెల్ కలిపిన గట్టి లోహం, తుప్పు పట్టదు. ఈవిడే నోరు సరిగ్గా కడుక్కోదు."

సింహాచలమ్మ తల దించుకుంది. పాపం, రెండు పూటలా పళ్ళు తోముకునే మనిషి.

పరాంకుశంగారు అద్దం తీసుకోలేదు. నోరు తెరవమనలేదు. కుర్చీ మీది దీపాన్ని ఆవిడ నోటి మీంచి చెవి మీదికి తిప్పారు.

చెవికి కమ్మ లేదు. కన్నం పూడిపోకుండా చిన్న వేపపుల్ల ఉంది.

"కమ్మలు పెట్టుకోవేమమ్మా?"

"నాకు గిల్టువేగా బాబూ! అవి పెడితే దురదెట్టి రసి కారతాది. చెమట పట్టిందా, ఇంక చెప్పకండి."

"ఆ గిల్టు పూత కింద ఉండే లోహమేమిటోయ్?" అని శిష్యుణ్ణి అడిగారు.

సుధీంద్ర నసిగాడు. "చాలావాటిలో... నికెలే సార్."

చెమటకే కరిగి దురద పెట్టే లోహం, రాత్రింబవళ్ళు ఎంగిలి ఊరే నోట్లో ఊరుకుంటుందా! ఆ మాట అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు.

"అయితే నా లోహంలో లోపం ఉన్నట్టా సార్? ఇదే తొడుగు ఎంతమందికో వేశాను. ఒక్కరికీ ఏమీ కాలేదు."

"లోహంలో లోపం లేదు," అన్నారు పరాంకుశంగారు. "ఆవిడలోనూ లేదు. ఆ రెంటికీ పడదు, అంతే. పన్ను ఉండనీ, తొడుగు తీసేసి నికెల్ లేనిది వెయ్."