కొంగ కొన్న బీమా

వాగు రెండు పాయలుగా చీలిన ఏడాది, వేసవి. అడవిలో పెళ్లిళ్ల కాలం కావడంతో ఫోటోలు తీసే కొంగకు ఒక్క పూట తీరిక లేదు. అప్పుడే, పక్క అడవి కాకి కెమెరా నీళ్లలో పడి పాడైందని తెలిసింది. కొంగకు తిండి సయించలేదు. దాని బతుకంతా కెమెరా మీదే. ఎద్దును తోడు తీసుకుని, బీమా అమ్మే నక్క దగ్గరికి వెళ్లింది.

"రెండు రకాలున్నాయి కొంగ బావా," అంది నక్క. "ఒకటి నీ సామానుకు. రెండోది, నీ పని వల్ల ఎదుటివాళ్లకు నష్టం జరిగితే నేను కట్టేది."

"కెమెరా నీళ్లలో పడితే?" అంది కొంగ.

"కొత్తది ఇస్తాను."

"కోతి ఎత్తుకుపోతే?"

"ఇస్తాను."

"పిడుగు పడితే?"

"ఇస్తాను, పుచ్చుకోవడానికి నువ్వు మిగిలితే."

ఎద్దు నెమరు ఆపింది. "ఆ రెండోదాని సంగతీ అడగరాదూ? ఫోటోలకు పెట్టే నీ లైటు స్టాండు జారి ఎవరి మీదైనా పడితే?"

నక్క నవ్వింది. "గంటల తరబడి ఒంటికాలి మీద నిలబడే బావ లైటు పడుతుందా, ఎద్దు మామా? అది చేతకానివాళ్లు కొనేది."

కొంగ మెడ సాచింది. "అయితే నాకెందుకు? మొదటిదే ఇవ్వు."

కొన్నాళ్లకు నెమలి పెళ్లిలో తలంబ్రాలు మొదలయ్యాయి.

"ఆగండి, పెళ్లికూతురి రెక్క అడ్డొచ్చింది. మళ్లీ పొయ్యండి," అంది కొంగ. పోశారు. "నవ్వు రాలేదు. ఇంకోసారి."

పురోహితుడు తాబేలు విసుక్కుంది. "పెళ్లి వాళ్లకా, నీ కెమెరాకా?"

పీటల చుట్టూ నేలంతా బియ్యమే. కొంగ లైటు స్టాండును ఆ బియ్యం మీదికే జరిపింది. స్టాండు జారి, కాలుతున్న లైటు పెళ్లికొడుకు తోక మీద పడింది. ఆర్పేలోపే ఈకలు మాడిపోయాయి.

"వానాకాలమంతా నాట్యాలకు ఒప్పుకున్నాను," అంది పెళ్లికొడుకు నెమలి. "ఈ మోడు తోకను ఎవరు చూస్తారు?"

కబురందుకుని వచ్చిన నక్క, కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసింది. "గీత కూడా పడలేదు బావా. నేనిచ్చేదేముంది?"

"మరి తోక?"

"అది రెండోదాని కిందికి వస్తుంది. నువ్వేగా వద్దన్నావు."

"చేతకానివాళ్లదని నువ్వేగా అన్నావు?"

"అన్నాను. జరిగేవాటికి బీమా అమ్మితే నా ఇల్లెలా గడుస్తుంది?"

ఎద్దు నెమ్మదిగా అంది: "నీకేం పోతుందో అన్నీ అడిగావు. నీ వల్ల ఎవరికేం పోతుందో ముందు అడగాల్సింది."

నెమలికి పోయిన వానాకాలం సంపాదన కింద కొంగ తన కెమెరా ఇచ్చేసింది.