నూకాలు సబ్బు

పూర్వం నాగవరం రాజ్యంలో బట్టలు ఉతికే నూకాలు, కానుగ నూనెలో చవుడు మట్టిని కాచి తీసిన క్షారం పోసి ఉడికించి సబ్బు చేయడం కనిపెట్టింది. దానికోసం జనం ఆమె గుమ్మం ముందు బారులు తీరేవారు. అది చూసి మంత్రి మార్తాండుడికి కన్ను కుట్టింది.

"పదేళ్లుగా నా చేతులతో నేను చేస్తున్న సబ్బు ఇది. ఈమె దొంగిలించింది ప్రభూ!" అని రాజుకు ఫిర్యాదు చేశాడు.

రాజు నూకాలును సభకు పిలిపించాడు. మంత్రి మాట కాదని తన మాట ఎవరు వింటారు? ఆమె కాస్త ఆలోచించి, తన ఇంట్లో పొయ్యి మీద సగం ఉడికిన సబ్బు బానను సభకు తెప్పించింది.

"మంత్రిగారూ, ఇది తయారైందో లేదో తమరే సెలవియ్యండి."

మంత్రి బానలోకి తొంగి చూసి, "భేషుగ్గా తయారైంది" అన్నాడు.

"అయితే తమరి పట్టు ఉత్తరీయం ఇందులో ఉతికి చూపించండి బాబూ."

వెనక్కి తగ్గలేక మంత్రి ఉత్తరీయాన్ని బానలో వేసి కర్రతో కలిపాడు. కాసేపటికి పైకి తీస్తే పీలికలే వచ్చాయి. సభంతా గొల్లున నవ్వింది.

"ప్రభూ, పూర్తిగా ఉడకని సబ్బులోని క్షారం పట్టును తినేస్తుంది. మొదటి నెలలోనే ఒక పట్టుచీర పోగొట్టుకుని నేనది నేర్చుకున్నాను. పదేళ్లుగా చేస్తున్న మంత్రిగారికి ఇవాళ తెలిసింది!" అంది నూకాలు.

రాజు నవ్వాపుకోలేక, మంత్రి చేత అక్కడే ఆమెకు క్షమాపణ చెప్పించాడు. సబ్బు చేసే హక్కు ఆమెదేనని రాగిరేకు మీద రాయించి ఇచ్చాడు.

ఏడాది తిరిగేసరికి ఒక్క బాన పన్నెండు బానలైంది. ఇరవైమంది ఆడవాళ్లకు పని దొరికింది. సబ్బు బిళ్ల మీద నూకాలు పేరు అచ్చు చూడనిదే ఆ రాజ్యంలో ఏ ఇల్లాలూ సబ్బు కొనేది కాదు.