ఏటిగడ్డకు ఇచ్చిన ఈటెలు

ఊఁ కొడతావా మరి? నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే నేనూ ఆపేస్తాను. ఇది మా అమ్మమ్మ నాకు చెప్పిన కథ. ఆవిడ పక్కలో పడుకుంటే పసుపు వాసన, కుంకుడురసం వాసన కలిసి వచ్చేవి. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా లేదులే. కథ మాత్రం ఉంది. ఇలా దగ్గరికి జరుగు.

అనగనగా ఏటికి ఎగువన, ఎర్రగుట్టల నడుమ, ఒక ఊరు. పేరు కొలిమిపాడు. ఆ గుట్టల్లో ఇనపరాయి దొరికేది. అందుకని ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా సుత్తి చప్పుడే. ఆ ఊరిని ముప్పమ్మ అనే దొరసాని ఏలేది. దొరసాని అంటే నగలూ పల్లకీలూ అనుకునేవు. అదేం కాదు. పొద్దున్నే తన గేదెకు తనే పాలు పిండుకునేది.

ఏటికి దిగువన, ఇవతలి ఒడ్డునే, ఏటిగడ్డ అనే ఇంకో ఊరు. నల్లమట్టి, పుచ్చతోటలు, చల్లటి గాలి. ఏటికి అవతల రాళ్ళగుట్ట. అక్కడ పేరుకు తగ్గట్టు రాళ్ళే. ఎండాకాలం వస్తే ఏరంతా ఇసకై పోయేది. నీళ్ళు ఏటిగడ్డ పక్కనే మడుగులుగా నిలిచేవి.

మూడు ఊళ్ళవాళ్ళూ ఒకప్పుడు ఎంత కలిసి ఉండేవాళ్ళనుకున్నావు! ఈ ఊరి పిల్లని ఆ ఊరికిచ్చేవాళ్ళు, ఆ ఊరి పిల్లని ఈ ఊరికి తెచ్చుకునేవాళ్ళు. పెళ్ళివారి బండ్లు ఇసకలో దిగబడితే మూడూళ్ళ మగాళ్ళూ భుజాలు పెట్టి తోసేవాళ్ళట. పెళ్ళికూతురు పైనుంచి నవ్వేదట. ఆ రోజులు చెప్పేటప్పుడు మా అమ్మమ్మ కూడా నవ్వేది. తనేదో ఆ బండ్లు చూసినట్టు.

కొలిమిపాడులో గురవాచారి అని ఒక కమ్మరి. అతనికి ఒక్కతే చెల్లెలు, తిరపమ్మ. చిన్నప్పుడు అన్న సుత్తి కొడుతుంటే చెల్లెలు కొలిమి తిత్తి ఊదేది. మసి మొహంతో ఇద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్ళు. ఆ చెల్లెల్ని రాళ్ళగుట్టలో మల్లప్ప అనే రైతుకిచ్చి చేశారు.

అప్పుడు ఏమైందంటే, మూడేళ్ళు వరసగా వానలు లేవు. రాళ్ళగుట్టలో గొడ్లు నాలుకలు బయటపెట్టి పడిపోతున్నాయి. ఆ ఊరి దొర నీళ్ళు అడగడానికి రాలేదు. "ఏటిగడ్డ మా తాతలది, ఖాళీ చెయ్యండి" అన్నాడు. వాళ్ళు చెయ్యలేదు. అతను మనుషుల్ని తీసుకుని ఏరు దాటాడు. పుచ్చతోటలు తగలబెట్టాడు.

ఆ తర్వాత ఏటిగడ్డ నుంచి కొలిమిపాడుకు ఒక మనిషి వచ్చింది. పేరు బయ్యమ్మ. పొడుగ్గా, గట్టిగా ఉండేది. ఖాళీ గోనెలు భుజాన వేసుకుని నడిచొచ్చింది.

"అమ్మా, తోటలు పోయాయి. పిల్లలకు గింజ కావాలి" అంది.

ముప్పమ్మ దొరసాని రెండోమాట అనలేదు. వెనక కొలిమిపాడుకు కరువొచ్చిన ఏడు, ఆ ఊరి గొడ్లు ఎండాకాలమంతా ఏటిగడ్డ గట్టునే మేసి బతికాయి. "వాళ్ళ పిల్లలు పస్తుంటే మనకు ముద్ద దిగుతుందా?" అంది. ఇంటికో తట్ట చొప్పున జొన్నలు పోశారు. బయ్యమ్మ గోనెలు నిండాయి. అందరూ సంతోషించారు. అన్నం పెట్టడానికి ఎవరు కాదంటారు చెప్పు?

రెండోసారి బయ్యమ్మ వచ్చినప్పుడు కుడిచేతికి గుడ్డకట్టు ఉంది. గుడ్డ మీద నెత్తురు మరక ఎండిపోయి ఉంది.

"అమ్మా, మీ జొన్నలు తిన్నాం. కానీ తిన్న పిల్లల్ని కాచుకోవడానికి మా చేతుల్లో కర్రలే ఉన్నాయి. వాళ్ళవి కత్తులు. మాకు ఈటెలు కావాలి."

ఈసారి తట్టలు తేవడానికి ఎవరూ ఇళ్ళకు పరుగెత్తలేదు.

ముందు పెద్దకాపు లచ్చుమయ్య లేచాడు. అతను చెడ్డవాడు కాదమ్మా, అలా అనుకోకు. తట్ట జొన్నలడిగితే రెండు తట్టలు పోసిన మనిషి.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నారు. ఉన్న ఇనుము కొంచెమే. వాన పడితే నాగళ్ళకు కర్రులేవి? ఈటెలు ఇచ్చామని తెలిస్తే గుట్టదొర మన మీదికి రాడా? ఇంకో మాట. కర్రలతో అయితే నెల్లాళ్ళకు అలిసిపోయి రాజీ పడతారు. ఈటెలిస్తే ఏడాది పొడుచుకుంటారు. చచ్చేది ఇరువైపులా మనవాళ్ళే."

"రాజీ అంటే ఏంటి లచ్చుమయ్య మామా?" అంది బయ్యమ్మ. "మేం ఊరొదిలి పోవడమేగా?"

లచ్చుమయ్య తలగుడ్డ సర్దుకుని కూర్చున్నాడు.

అప్పుడు ముప్పమ్మ, ఊరి కమ్మర్లందరికీ పెద్దయిన గురవాచారి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. "దొరసానీ, నావల్ల కాదు. మా చెల్లెలు అక్కడుంది. మా బావ అక్కడున్నాడు. నేను సాగగొట్టిన ఈటె ములుకు ఎవరి ఒంట్లో దిగుతుందో నాకేం తెలుసు?" అన్నాడు.

ఊరు ఊరంతా నేల చూపులు చూసింది.

బయ్యమ్మ లేచి అతని ముందు నిలబడింది. కోప్పడలేదు. మెల్లగా అంది. "మీ చెల్లెలి వాకిట్లోకి మేం పోలేదన్నా. వాళ్ళే మా వాకిట్లోకి వచ్చారు. నాకూ తమ్ముడున్నాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని గట్టు మీద కాపలా ఉన్నాడు."

గురవాచారి ఒక రోజు కొలిమి రాజెయ్యలేదు. రెండో రోజూ రాజెయ్యలేదు. మూడో రోజు పొద్దున తిత్తి చప్పుడు వినపడింది. ఊళ్ళోవాళ్ళు పరుగెత్తి చూస్తే, ఎర్రగా కాలిన ఇనుము దాగలి మీద పెట్టి కొడుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పొగకు అన్నాడు.

ఇనుములో సగం కర్రులకు ఉంచారు. సగం ఈటెలకు ఇచ్చారు. చాలని ఇనుముకు ఇళ్ళలో విరిగిన కొడవళ్ళూ, అరిగిన గునపాలూ తెచ్చి పోశారు. లచ్చుమయ్య కూడా తెచ్చాడు. తెచ్చి, "నాకు ఇష్టం లేదు, అయినా ఊరి మాట ఊరి మాటే" అని పడేసి వెళ్ళాడు.

ఈటెల మోపులు బండికెత్తేటప్పుడు గురవాచారి బయ్యమ్మతో అన్నాడు. "ఒక్క మాట ఇవ్వు తల్లీ. ఇవి నీ గడ్డ కాయడానికి. ఏరు దాటకూడదు."

"దాటవన్నా" అని బయ్యమ్మ గట్టిగా చెప్పింది. చెప్పినప్పుడు నిజంగానే చెప్పింది.

ఊఁ... నిద్రొస్తోందా? రావట్లేదా? సరే విను.

ఆ తర్వాత గట్టు మీద పెద్ద పోరు జరిగింది. ఈటెలు చేతికొచ్చాక ఏటిగడ్డవాళ్ళు నిలబడ్డారు. రాళ్ళగుట్టవాళ్ళు వెనక్కి పోయారు. కొలిమిపాడుకు కబురొస్తే డప్పులు కొట్టారు. గురవాచారి మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు.

పది రోజులకు బయ్యమ్మ మూడోసారి వచ్చింది. ఈసారి చేతికి కట్టు లేదు. భుజాన ఈటె ఉంది. మొహం చూసి గుర్తుపట్టలేకపోయారట. పోరులో ఆమె తమ్ముడు పోయాడు.

"అమ్మా, ఇప్పుడు వాళ్ళు బలహీనంగా ఉన్నారు. ఇంకో బండెడు ఈటెలియ్యండి. నూనె ఇయ్యండి. ఏరు దాటి రాళ్ళగుట్టను ఇల్లు మిగలకుండా కాల్చేస్తాం. మళ్ళీ తలెత్తకుండా చేస్తాం."

మొదటిసారి జొన్నలిచ్చిన చెయ్యి, రెండోసారి ఇనుమిచ్చిన చెయ్యి, ఇప్పుడు ముప్పమ్మ ఒళ్ళోనే ఉండిపోయింది.

"ఇవ్వను తల్లీ" అంది. "నీ ఇల్లు నిలబెట్టడానికి ఇచ్చాను. ఇంకొకరి ఇల్లు కాల్చడానికి ఇవ్వను. నీ ఊళ్ళో పిల్లలకు గింజలు కావాలంటే ఎన్నేళ్ళయినా పంపుతాను. మళ్ళీ వాళ్ళు మీ గట్టు మీదికొస్తే ఇంకో బండి ఈటెలూ పంపుతాను. ఏరు దాటడానికి మాత్రం ఒక్కటీ లేదు."

బయ్యమ్మ నవ్వింది. "మీ ఇంట్లో శవం లేవలేదు కాబట్టి మీకు న్యాయం కనబడుతోంది దొరసానీ. మా ఇంట్లో లేచింది."

ఆ మాట నిజమేగా. ముప్పమ్మ లేచి వెళ్ళి బయ్యమ్మ చేతులు పట్టుకోబోయింది. ఆమె విదిలించుకుని వెళ్ళిపోయింది. పెట్టిన అన్నం కూడా ముట్టలేదు. కానీ ఇంకో బండెడు ఈటెలు లేకుండా ఏటిగడ్డవాళ్ళు ఏరు దాటలేకపోయారు. పోరు అక్కడే ఆగింది.

అప్పుడు గురవాచారి చెప్పులు వేసుకుని బయల్దేరాడు. ఒంటరిగా, ఉత్తచేతులతో, ఇసక తిన్నెలు దాటి రాళ్ళగుట్టకు పోయాడు. చెల్లెలి ఇంటి తలుపు తట్టాడు.

తిరపమ్మ తలుపు తీసింది. లోపల మంచం మీద మల్లప్ప పడుకుని ఉన్నాడు. కుడి భుజానికి పెద్ద కట్టు.

"మా ఆయన ఒంట్లోంచి ములుకు నేనే లాగాను" అంది తిరపమ్మ. "చూడగానే తెలిసింది, మా పుట్టింటి పనేనని. నువ్వేనా అన్నయ్యా?"

కాదనొచ్చు కదా? కొలిమిపాడులో కమ్మర్లు చాలామంది. అతను కాదనలేదు.

"నేనేనమ్మా" అన్నాడు.

తలుపు మూసేసింది.

గురవాచారి అరుగు మీద కూర్చున్నాడు. ఒక రోజు కూర్చున్నాడు, తలుపు తెరుచుకోలేదు. రెండో రోజు కూర్చున్నాడు, తలుపు సందులోంచి ఒక చెంబెడు నీళ్ళు మాత్రం బయటికొచ్చాయి. మూడో రోజు పొద్దున ఒక జల్లు పడింది. ఎన్నాళ్ళకో పడిన వాన. ఊళ్ళో అందరూ అరకలు కట్టారు. మల్లప్ప ఎలా కడతాడు? చెయ్యి లేవడంలేదు.

గురవాచారి లేచాడు. బావ ఎడ్లను విప్పాడు, నాగలి భుజానికెత్తుకున్నాడు, చేలోకి పోయాడు. కర్రు చెయ్యడం వచ్చుగానీ, పాపం, దున్నడం ఎప్పుడు నేర్చాడు? ఎద్దు ఒకవైపు, అతనొకవైపు. సాలు వంకరటింకర్లు పోయింది. చుట్టుపక్కల చేలవాళ్ళు ముందు గుర్రుగా చూశారు, తర్వాత కొంగుల చాటున నవ్వారు.

ఇంటి గుమ్మంలోంచి మల్లప్ప చూశాడు. ఒక సాలు ఓర్చుకున్నాడు. రెండో సాలు ఓర్చుకున్నాడు. మూడో సాలుకి ఇక ఆగలేక చెయ్యి పట్టుకుని మూలుగుతూ చేలోకొచ్చాడు.

"ఓరి కమ్మరి బావా! అది సాలా, పాము పాకిందా? మేడి అణచిపట్టు! ఎద్దు మెడ విరిచేస్తావా ఏంటి?"

గురవాచారి నాగలి పిడి అణచిపట్టాడు. మల్లప్ప పక్కనే నడుస్తూ తిట్టాడు. తిడుతూ దున్నించాడు. మధ్యాహ్నానికి తిరపమ్మ అంబలి కుండ తెచ్చి గట్టు మీద పెట్టింది. రెండు ముంతలు తెచ్చింది. అన్న వైపు చూడలేదు, కానీ రెండు ముంతలు తెచ్చింది. నువ్వే చెప్పు, ఒక ముంతే తేవచ్చుగా?

ఆ గట్టు మీదే మల్లప్ప అన్నాడట. "మాకు ఆ గడ్డెందుకు బావా? ఎండాకాలం గొడ్లకు నీళ్ళు కావాలి, అంతే. మా దొరకు అడగడం నామోషీ. అందుకని లాక్కోబోయాడు."

గురవాచారి ఆ మాట మోసుకొచ్చి ముప్పమ్మకు చెప్పాడు. ముప్పమ్మ రెండు ఊళ్ళవాళ్ళనీ ఏటి ఇసకలో కూర్చోబెట్టింది. ఒక్కరోజులో తేలిందనుకోకు. అరుచుకున్నారు, లేచిపోయారు, మళ్ళీ కూర్చున్నారు. చివరికి గడ్డ ఏటిగడ్డవాళ్ళదేనన్నారు. ఎండాకాలం మూడు నెలలూ రాళ్ళగుట్ట గొడ్లు మడుగుల్లో నీళ్ళు తాగొచ్చన్నారు. కాల్చిన తోటల్ని రాళ్ళగుట్టవాళ్ళే దున్ని, విత్తనం వేసి ఇవ్వాలన్నారు. గుట్టదొర మొహం ముడుచుకునే సరేనన్నాడు. అతని మనుషులే అతని వెనక నిలబడలేదు మరి.

బయ్యమ్మ మాత్రం ఆ కూటానికి రాలేదు. మూడేళ్ళు కొలిమిపాడు వైపు కన్నెత్తి చూడలేదు. నాలుగో ఏడు ఒక బండి నిండా పుచ్చకాయలు పంపింది. మాటేమీ పంపలేదు.

మల్లప్ప చెయ్యి సగమే బాగుపడింది. ప్రతి ఏడూ తొలకరికి గురవాచారి వెళ్ళి దున్ని వచ్చేవాడు. చివరి దాకా సాలు తిన్నగా రాలేదట.

ఏంటి? ఈటెలు ఇవ్వడం మంచిదా, చెడ్డదా అంటావా? నీ అంత ఉన్నప్పుడు నేనూ మా అమ్మమ్మను ఇదే అడిగాను. ఆవిడ చీర చెంగు నా మీద కప్పి ఇలా చెప్పింది.

గురవాచారి ముసలివాడయ్యాక కొలిమి కుర్రాళ్ళు అడిగారట. "తాతా, మళ్ళీ ఏటిగడ్డవాళ్ళు వచ్చి అడిగితే ఈటెలు చేసిస్తావా?"

ముసలాయన నిప్పులు ఎగదోస్తూ అన్నాడట.

"చేసిస్తాను. ఇచ్చి, మళ్ళీ మా చెల్లెలి అరుగు మీదికి పోయి కూర్చుంటాను."

అంతే తల్లీ. కళ్ళు మూసుకో.

కాకమ్మ గూటికి, లేగమ్మ పాకకి,
ఎండమ్మ కొండకి, వెన్నెలమ్మ వాకిటికి,
కథమ్మ నడిచింది కంచి దారికి,
నా కన్నమ్మ, నేనూ మన ఇంటికి.