పోలమ్మ పొయ్యిరాయి

జోగారావు చెప్పింది పాతరేవులో ఎవరూ వినడం లేదు.

అతను పట్నంలో చదువుకున్నవాడు. పన్నెండేళ్ళ క్రితం మసేనయ్య గారి దగ్గరికి శిష్యుడిగా వచ్చి, ఆయన పాకలోనే ఉండిపోయాడు. మసేనయ్య గారు ఆ మత్స్యకారుల పల్లెలోనే పుట్టారు. వలలు బాగుచేస్తూ, అడిగినవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్తూ కాలం గడిపేవారు.

పల్లెలో ఒకప్పుడు నాలుగు వరుసల ఇళ్ళుండేవి. రెండు వరుసల్ని సముద్రం తీసుకుపోయింది. మూడో వరుస గుమ్మాల దాకా పోటు నీళ్ళు వస్తున్నాయి. వెనక మెట్ట మీద వీళ్ళ కోసం కట్టిన కొత్త ఇళ్ళు రెండేళ్ళుగా తాళాలు వేసే ఉన్నాయి. తుఫాన్ల కాలం ఇంకో నెలన్నరలో మొదలవుతుంది.

జోగారావు గోడకు పటాలు తగిలించి చెప్పాడు. భూమి వేడెక్కుతోందన్నాడు. ఎక్కడో మంచు కరిగి ఇక్కడ నీరు పెరుగుతోందన్నాడు. ఏడాదికి ఎంత పెరుగుతోందో వేళ్ళతో కొలిచి చూపించాడు.

"సముద్రం సంగతి మాకు సెప్తున్నాడు పట్నం బాబు," అంది అప్పయ్యమ్మ చేపలు ఆరబోస్తూ. "ఇంకో పెద్ద పటం ఉంటే తే నాయనా. కాకులు రాకుండా చేపల మీద కప్పుకుంటాం."

అందరూ నవ్వారు.

నవ్వితే నవ్వారు. అసలు అడ్డంకి వేరే ఉంది. ఆచారం ప్రకారం ఆ పల్లె చోటు మారవలసి వస్తే, అందరికంటే పెద్దావిడ తన పొయ్యిరాయిని తన చేతులతో ముందుగా ఎత్తాలి. ఆ తర్వాతే మిగతా వాళ్ళు సామాను ముట్టుకుంటారు. అందరికంటే పెద్ద పోలమ్మ. ఆమె ఎత్తనంటోంది.

పోలమ్మ భర్త ఎల్లాజీ ముప్పై ఏళ్ళ క్రితం మూడో వరుసలోని ఆమె ఇంటి గుమ్మంలోంచే చేపల వేటకు వెళ్ళాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు.

"ఆయనకి మెట్ట మీద ఇల్లు తెలీదు కదా," అంది జోగారావుతో. "వొచ్చి ఎక్కడని ఎతుక్కుంటాడు?"

"ముప్పై ఏళ్ళయింది కదమ్మా."

"ఎన్నేళ్ళయిందని నేనడిగానేటి?" మళ్ళీ తనే అంది. "ఈమధ్య నాకు మతి నిలవడం లేదు బాబూ. అన్నం తిన్నానో లేదో గేపకం ఉండదు. ఈ గుమ్మం కూడా లేకపోతే, ఎవరి కోసం కూకున్నానో అదీ మర్చిపోతాను."

జోగారావు పటాలు చుట్టి గురువు దగ్గరికి వచ్చాడు. "నాకు తెలిసిందంతా చెప్పాను. ఆ ముసలామె ఒక్కతీ కదిలితే ఊరు బతుకుతుంది. మీరు చెప్తే వింటుంది. ఒక్క మాట చెప్పండి గురువుగారూ."

మసేనయ్య గారు చేతిలో వల పక్కన పెట్టారు. చూరులోంచి ఒక గుడ్డ మూట తీశారు. అందులో గవ్వలున్నాయి.

"పద, ఆడుకుందాం," అన్నారు.

నీరు వెనక్కి తగ్గిన వేళ. ఆయన తడి ఇసుకలో కూర్చుని చేత్తో గుంటలు తవ్వారు. వామనగుంటలే, కానీ నాలుగు వరుసలు. ఒక్కో గుంటా ఒక్కో ఇల్లు. సముద్రం వైపున్నది మొదటి వరుస. గవ్వ వేసేముందు ఆ ఇల్లు ఎవరిదో చెప్పాలి. చెప్పలేకపోతే చేతిలో గవ్వలు పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి.

పల్లెవాళ్ళు చుట్టూ చేరారు. మూడో వరుస, నాలుగో వరుస గబగబా చెప్పేశారు. అవి వాళ్ళ ఇళ్ళే. ముందు వరుసలకి వచ్చేసరికి తడబడ్డారు.

"ఇది మేకల సీతమ్మ ఇల్లు," అన్నాడు దానయ్య.

"కాదు," అని గుమ్మంలోంచి కేక వినిపించింది. "అది తెడ్లు చెక్కే లచ్చన్న ఇల్లు. సీతమ్మది ఆ పక్కది. దానికి రెండు గుమ్మాలు. ఒకటి మేకలకి, ఒకటి మొగుడికి."

ఎవరో తప్పు చెప్తుంటే పోలమ్మ ఇంట్లో ఉండలేకపోయింది. వచ్చి ఆటలో కూర్చుంది.

జోగారావు వంతు వచ్చింది. మొదటి వరుసలో ఐదో గుంట. అతను గవ్వ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"ఏటి బాబూ, పటంలో లేదేటి?" అంది అప్పయ్యమ్మ.

"నాకు తెలీదు."

పోలమ్మ అతని వైపు వింతగా చూసింది. "అది వలలల్లే సూరమ్మ ఇల్లు. మీ గురువుగారి తల్లి."

జోగారావు గురువు ముఖం చూడలేకపోయాడు. చేతిలో గవ్వలు పక్కవాళ్ళకి ఇచ్చేశాడు.

ఇంతలో పోటు మొదలైంది. ఒక అల వచ్చి మొదటి వరుసని చదును చేసి వెళ్ళింది. పోలమ్మ గవ్వలు గబగబా కొంగులోకి ఏరుకుంది.

"ఇళ్ళు మునిగిపోతుంటే సూస్తారేటి? లెగండి," అని నాలుగో వరుస దాటి మెట్ట వైపు వెళ్ళి, పొడి ఇసుకలో మళ్ళీ తవ్వింది. "ఇది లచ్చన్నది. ఇది సీతమ్మది. ఇది సూరమ్మది." వరుస తప్పలేదు.

జోగారావు ఏదో చెప్పబోయాడు. మసేనయ్య గారు అతని మోకాలి మీద చెయ్యి వేశారు.

ఆట రోజూ సాగింది. ఇళ్ళతో పాటు ఇంకేవేవో బయటికొచ్చాయి. ఎవరింట్లో పులుసు బాగుండేది, ఎవరి పెళ్ళికి ఎవరు అలిగారు, అన్నీ. అమావాస్య నాటికి పోటు పెద్దదై ఇసుకలో చోటు చాలలేదు. మెట్ట మీద, తాళాలు వేసిన కొత్త ఇళ్ళ ముందు గుంటలు తవ్వుకున్నారు.

ఆ రోజు పోలమ్మ రెండో వరుసలో ఒక గుంట దగ్గర ఆగిపోయింది. గవ్వ వేళ్ళ మధ్య తిరుగుతోంది. పేరు రావడం లేదు.

"ఇది... నేను ఆడుకున్న ఇల్లే ఇది," అంది. ఎవరూ వేళాకోళం చెయ్యలేదు.

"గంగులు ఇల్లత్తా," అంది అప్పయ్యమ్మ మెల్లిగా. "అటక మీంచి పడ్డావంట కదా నువ్వు. నువ్వే సెప్పావు, మొన్న."

"గంగులు," అంది పోలమ్మ. గవ్వ గుంటలో పడింది.

చాలాసేపు ఆమె ఆడలేదు. మెట్ట మీంచి సముద్రం బాగా కనిపిస్తోంది. అటే చూస్తూ కూర్చుంది.

"ఒసే అప్పయ్యమ్మా. నాకు మతి పూర్తిగా పోయాక, ఆయనొచ్చి అడిగితే?"

"సెప్తాం అత్తా. మెట్ట మీద మూడో వరుస, నాలుగో గుమ్మం అని."

"ఆయన పేరు ఎల్లాజీ."

"తెలుసు."

"కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు."

"తెలుసు అత్తా. మాకందరికీ తెలుసు. నువ్వు పులుసు మాడ్చకుండా ఉంచు, చాలు."

మర్నాడు పొద్దున పోలమ్మ తన పొయ్యి ముందు కూర్చుని బూడిద తీసింది. మసిబారిన రాయిని రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుని, మెట్ట వైపు నడిచింది. నాలుగడుగులకోసారి ఆగి వెనక్కి చూసింది. జోగారావు సాయానికి పరుగెత్తబోతే మసేనయ్య గారు అతని భుజం పట్టుకుని ఆపారు.

ఆమె కొత్త ఇంటి గుమ్మం దాటి రాయి దించాక, మిగతా ఇళ్ళలో సామాను కదిలింది.

సాయంత్రానికి ఒడ్డున ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. గురువూ శిష్యుడూ మాత్రం నీటి అంచున నిలబడ్డారు. మొదటి వరుస ఉండేచోట అలలు లేచి పడుతున్నాయి. మసేనయ్య గారు అటే చూస్తున్నారు. ఆయన రోజూ ఈ వేళకి ఇక్కడే నిలబడతారని జోగారావుకి పన్నెండేళ్ళుగా తెలుసు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

జేబులో ఒక గవ్వ మిగిలి ఉంది. జోగారావు దాన్ని తీసి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, వంగి అలలోకి వదిలాడు.

"ఇది వలలల్లే సూరమ్మ గారి ఇల్లు," అన్నాడు.

మసేనయ్య గారు అతని వైపు తిరిగారు.

"ఇంకోసారి చెప్పు నాయనా," అన్నారు.