తెల్ల బిళ్ళలో అయస్కాంతం

“మా కొలత తప్పని తేలిన రోజున, ఆ మాట అందరికంటే ముందు మా నోటితోనే లోకానికి చెబుతాం.”

అయస్కాంత పరిశోధనశాల తెరిచిన నాడు డాక్టర్ భార్గవరామ్ నలుగురిలో చేసిన వాగ్దానమిది. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించారు కూడా. ఆయన పేరు మోగిపోయింది ఒకే ఒక్క ఫలితంతో. అయస్కాంతానికి ఏమాత్రం లొంగని తెల్లటి జింక్ ఆక్సైడ్ బిళ్ళ, ఆయన ప్రయోగంలో మామూలు గది వేడిమి దగ్గరే అయస్కాంతమైంది. ఇక సభలు, శాలువాలు, ఆ దారినే నడిచిన శిష్యులు! ఆ శిష్యుల్లో చివరివాడైన ప్రభంజన్ ఆ ఫలితం వట్టిదని కనిపెట్టాడు. బిళ్ళను పట్టుకునే స్టీలు ట్వీజర్ నుంచి కంటికి ఆననంత ఇనుప రజను దాని అంచుకు అంటుకుంటోంది. ప్లాస్టిక్ ట్వీజర్‌తో పట్టుకుంటే అందులో అయస్కాంతం ఊసే లేదు. అతను పరుగున వెళ్ళి చెప్పాడు. భార్గవరామ్ తలైనా ఎత్తలేదు. “ముందు నీ పీహెచ్‌డీ వైవా కానీ నాన్నా. ఇలాంటివి బయట అనకు” అన్నారు.

ఆ తలుపు మీది అక్షరాలు చూసి ఈ చదువులోకి వచ్చినవాడు ప్రభంజన్. తిన్నగా ఆచార్య నీలాంబరం గారి దగ్గరికి వెళ్ళాడు. భార్గవరామ్‌కు పాఠం చెప్పింది ఆయనే. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా కాలేజీలో అయస్కాంత బలం కొలిచే పాత మ్యాగ్నెటోమీటర్ ముందే కూర్చుని ఉండేవారు. ఎవరేం అడిగినా వాదించేవారు కారు. “కొలిచి చూద్దాం” అనేవారు.

“గురువే మాట తప్పితే శిష్యుడేం చెయ్యాలి సార్?” అని ప్రభంజన్ గుమ్మంలోంచే అడిగాడు. “నిజం ఎవరి అనుమతి కోసమూ ఆగదు! నోరు మూసుకున్నవాడికీ నేరంలో వాటా ఉంటుంది! నా వైవా పోతే పోనీ, ఈ అబద్ధాన్ని నడివీధిలో నిలబెడతాను!”

“గొంతు బాగుంది. బిళ్ళ తెచ్చావా?” అన్నారు నీలాంబరం గారు.

తెచ్చాడు. ప్లాస్టిక్ ట్వీజర్‌తో పట్టుకుని మెషీన్‌లో పెట్టారు. అయస్కాంతమైతే తెర మీద గీత వెళ్ళిన దారి వేరు, వచ్చిన దారి వేరుగా ఉండి, నడుమ పొట్ట ఉబ్బాలి. ఉబ్బలేదు. ప్రభంజన్ గర్వంగా చూశాడు.

“ఇప్పుడు నీది పెట్టు.”

“నాదెందుకు సార్? నాది జింక్ కాదు, టైటానియం ఆక్సైడ్. నికార్సైన అయస్కాంతం. నా థీసిస్ అంతా దాని మీదే.”

అంటూనే జేబులోంచి స్టీలు ట్వీజర్ తీశాడు. కొత్తగా చేరినవాడికి గురువు తన చేత్తో ఒక ట్వీజర్ ఇవ్వడం ఆ పరిశోధనశాల ఆచారం. ఆయుధపూజ నాడు అందరూ వాటికి బొట్లు పెడతారు. గురువుగారి బిళ్ళలన్నిటినీ ప్లాస్టిక్‌తో పట్టి చూసిన ప్రభంజన్‌కు, తన బిళ్ళను కూడా అలా చూడాలని ఇంతవరకూ తోచనేలేదు.

నీలాంబరం గారు అతని చేతిలోని స్టీలు ట్వీజర్ తీసి పక్కన పెట్టారు. ప్లాస్టిక్‌ది అందించారు. ప్రభంజన్ డబ్బాలోంచి ఎవరూ ముట్టని కొత్త బిళ్ళ తీసి మెషీన్‌లో పెట్టాడు. గీత బయల్దేరింది. చివరిదాకా వెళ్ళి, వెళ్ళిన దారినే చప్పుడు లేకుండా వెనక్కి వచ్చేసింది.

“మెషీన్ సరిగ్గా ఉందా సార్?”

“ఇందాక బాగానే ఉంది కదా.”

ఇంకో బిళ్ళ పెట్టాడు. అదే గీత. అయిదేళ్ళ చదువు, వచ్చే నెల వైవా, జూన్‌లో చేరాల్సిన ఉద్యోగం, అన్నీ ఆ గీతతోపాటే చదునైపోయాయి. ప్రభంజన్ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“ఇది... మనిద్దరికే కదా సార్ తెలుసు?”

ఆ మాట అన్నది తనేనని తెలిసి, కొరడాతో కొట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. స్టూలు మీద కూలబడిపోయాడు.

నీలాంబరం గారు మెషీన్ ఆపి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

“భార్గవుణ్ణి నేను అడుగుతాలే. గుమ్మంలో నువ్వడిగినదానికి నీ జవాబు మాత్రం నాకు కావాలి, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, సైన్స్ దినోత్సవంలోగా.”