లెక్కలయ్య చెప్పిన ‘సరి’

నల్లగుట్ట కింద, ఎండాకాలంలోనూ సన్నగా పారే వాగు పక్కన, బీరయ్య గొర్రెల మంద ఉండేది. ముళ్లకంపతో కట్టిన దొడ్లు రెండు. పెద్ద దొడ్డిలో తల్లులు, చిన్న దొడ్డిలో పిల్లలు. ఆ ఏడు ఈతలు కలిసొచ్చి చిన్న దొడ్డి నిండా పిల్లలే. ఎన్నో బీరయ్యకు తెలుసు. గొర్రెలకు తెలియదు. తెలుసుకోవాలని వాటికెప్పుడూ అనిపించలేదు కూడా, లెక్కలయ్య వచ్చేదాకా.

లెక్కలయ్య అంటే గాడిద. బరువులు మోయడానికని బీరయ్య సంతలో కొనుక్కొచ్చాడు. అంతకుముందు గారడీ సాయన్న దగ్గర ఉండేవాడు. “రెండూ రెండూ ఎంతరా?” అని సాయన్న అడిగితే, నాలుగుసార్లు గిట్ట నేలకేసి కొట్టి ఆగేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. సాయన్నకు మోకాళ్లు పట్టేసి ఆట మానేశాక అమ్మేశాడు.

“జంతువులకు లెక్కలేమిటయ్యా!” అంది ఎండుతుమ్మ మీది కాకి, మొదటిరోజే. “నాకు మూడు దాకా తెలుసు. చేలోకి ముగ్గురు మనుషులు పోయి ఇద్దరు బయటికొస్తే, ఇంకొకడు లోపలే ఉన్నాడని తెలుస్తుంది. ఏడెనిమిది మంది పోతే నా బుర్ర తిరిగిపోతుంది. నీకు మందంతా వచ్చా?”

“సంతల్లో పేరు తెచ్చుకున్నవాణ్ణి. పొద్దు వాలనీ, చూద్దువుగాని,” అన్నాడు లెక్కలయ్య.

పొద్దు వాలింది. వాగొడ్డున ఆడుకున్న పిల్లలు గుంపుగా చిన్న దొడ్డిలోకి వచ్చాయి. తల్లులు కంచె చుట్టూ మూగి, ఎవరి పిల్లను వారు వెతుక్కుంటున్నాయి. లెక్కలయ్య గిట్ట కొట్టడం మొదలుపెట్టాడు. టక్, టక్, టక్... కాసేపటికి ఆగి, “సరి. అన్నీ వచ్చాయి,” అన్నాడు. కాపలా కుక్క సింగడు కంప తలుపు లాగేశాడు.

మూడోరోజు మాత్రం గిట్ట ఆగలేదు. లెక్కలయ్య ఇబ్బందిగా తలెత్తి, “ఒకటి తక్కువ,” అన్నాడు. సింగడు పరుగెత్తాడు. నిజమే, ఒక పిల్ల రేగుపొదలో చిక్కుకుని ఉంది! ఆ దెబ్బతో కాకి నోరు మూసుకుంది. గాడిద పేరు లెక్కలయ్య అయిందీ ఆ రోజే.

ఆయన అబద్ధమాడలేదు. తనకు లెక్క వచ్చని నిజంగానే నమ్మాడు. ఎన్నిసార్లు కొట్టాలో అని ఎప్పుడూ ఆలోచించేవాడు కాదు. గిట్ట దానంతట అదే ఆగేది. ఆ ఆగడాన్నే చదువు అనుకున్నాడు.

గుట్ట మీద బండ చాటున పడుకుని ఒక నక్క ఇదంతా వారం రోజులు చూసింది. పిల్లలను చూడలేదు, తల్లులను చూడలేదు, లెక్కలయ్య కళ్లనే చూసింది.

“గిట్ట నేల మీద, చూపు తల్లుల దవడల మీద!” అనుకుంది. “పిల్ల కనబడిన తల్లి నెమరు మొదలుపెడుతోంది. ఆఖరి తల్లి దవడ కదలగానే వీడి గిట్ట ఆగుతోంది. లెక్క తల్లులది, పేరు వీడిది. పాపం, ఆ సంగతి వీడికే తెలియదు.”

మర్నాడు మధ్యాహ్నం వాగులో నీళ్లు తాగుతున్న లెక్కలయ్య ముందు నక్క వంగి దండం పెట్టింది.

“గురువుగారూ! మీ విద్య చూసి కళ్లు చెమర్చాయండీ.”

“నువ్వా! పిల్లల దగ్గర నీకేం పని? సింగణ్ణి పిలవనా?”

“పిలవండి. చంపించండి. మీ శిష్యుడిగా పోతాను. ఒక్క మాట చెప్పి పోతాను. ఆ తల్లులు అలా కంచె చుట్టూ మూగి ‘మే మే’ అని అరుస్తుంటే పండితులకు లెక్క కుదురుతుందా? మీరు కాబట్టి నెట్టుకొస్తున్నారు. పెద్దవాళ్ల విద్యకు నిశ్శబ్దం ఉండాలండీ. వాళ్లను పెద్ద దొడ్డిలోకి పంపేయండి. కాపలాకు సింగణ్ణీ పంపండి.”

లెక్కలయ్య చెవులు మెల్లగా నిలబడ్డాయి. సంత వదిలాక గురువుగారూ అని పిలిచినవాళ్లు లేరు.

“నాకూ అప్పుడప్పుడు అనిపిస్తూనే ఉంది,” అన్నాడు.

“కంచె అవతల నిలబడి రెండక్షరాలు నేర్చుకుంటాను. నన్ను చూసినట్టు ఎవరికీ చెప్పకండి. ఈ లోకం నక్కను చదువుకోనిస్తుందా?”

ఆ సాయంత్రం లెక్కలయ్య హుకుం జారీ చేశాడు. తల్లులు గొణుక్కుంటూ పెద్ద దొడ్డిలోకి పోయాయి, కాపలాకు సింగడూ వాటి వెనకే పోయాడు. ముసలి గొర్రె బొల్లమ్మ మాత్రం, “కళ్లారా చూసుకోకపోతే ఎలాగయ్యా?” అంది.

“చూడటం వేరు, లెక్కపెట్టడం వేరు, బొల్లమ్మా.”

పిల్లలు వచ్చాయి. లెక్కలయ్య గిట్ట ఎత్తాడు. టక్, టక్, టక్... ఎందుకో ఎంతకీ ఆగబుద్ధి కావడం లేదు. ఒంట్లో తెలియని గాభరా. చూపు అటూ ఇటూ తిరిగి కంచె అవతల శిష్యుడి ముఖం మీద ఆగింది. నక్క కళ్లు అరమోడ్చి, తృప్తిగా తల ఊపింది. గిట్ట ఆగిపోయింది.

“సరి!” అన్నాడు లెక్కలయ్య. ఆ మాట విని సింగడు వచ్చి చిన్న దొడ్డి కంప తలుపు లాగేశాడు.

అదే సమయానికి వాగు మలుపులో, ఇసుక తవ్విన పాత గోతిలో, ఒక పిల్ల పైకెక్కలేక కాళ్లు కొట్టుకుంటోంది. నక్క తుమ్మకాయలు ఒకటొకటిగా పరిచి దాన్ని అక్కడిదాకా నడిపించింది.

పెద్ద దొడ్డిలోంచి చుక్కమ్మ అనే చిన్న గొర్రె పరుగెత్తుకొచ్చింది. అదే ఆమెకు తొలిచూలు.

“మామా! నా పిల్ల గొంతు వినబడటం లేదు.”

“లెక్క సరిపోయిందమ్మా.”

“ఒక్కసారి తలుపు తియ్యమను. చూసి పోతాను.”

“నీ ఒక్కదానికోసం తీస్తే రేపు అందరికీ తియ్యాలి. ఉండాల్సినన్ని ఉన్నాయి. నీ పిల్ల ఏ మూలో పడుకుని ఉంటుంది.”

“ఎన్నుండాలో నాకు తెలియదు మామా. నాకు తెలిసింది ఒకటే. ఆ ఒకటి లేదు.”

పెద్ద దొడ్డిలోంచి మిగతా గొర్రెలు నవ్వాయి. “తొలిచూలు కదా, గాభరా,” అంది ఒకటి. “లెక్కలయ్యగారి కంటే దీనికెక్కువ తెలుసు కాబోలు,” అంది ఇంకొకటి. సింగడు తలుపు వైపొకసారి, లెక్కలయ్య వైపొకసారి చూశాడు.

“వెతికి రానా మామా? వెలుగింకా ఉంది.”

“నా లెక్క మీద నీకు నమ్మకం లేదుట్రా?”

సింగడు తోక ముడిచి కూర్చున్నాడు. చుక్కమ్మ కంచెకు ముఖం ఆనించి అలాగే నిలబడిపోయింది.

పొద్దున పాల వేళకు పిల్లలన్నీ తల్లుల కిందికి దూరాయి. చుక్కమ్మ కిందికి ఏదీ రాలేదు.

సింగడు వాసన పట్టుకుంటూ పోయి గోతి దగ్గర ఆగాడు. కాస్త ఉన్ని, కాస్త నెత్తురు. గోతి గోడ నిండా చిన్న గిట్టల గీతలు, పైకెక్కాలని చాలాసేపు చూసినట్టు. బీరయ్య వచ్చి చూసి తల పట్టుకుని కూలబడ్డాడు.

మందంతా లెక్కలయ్య చుట్టూ చేరింది.  ఆయన నోరు మాత్రం ఊరుకోలేదు.

“నేను చూసినప్పుడు సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఏ సందులోంచో బయటికి పోయుంటుంది. కాపలా ఎవరిది?”

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! అందరి కళ్లూ సింగడి మీదికి తిరిగాయి. సింగడు నిజాయితీపరుడు. అందుకే వాదించలేదు.

“కునుకు పట్టిందేమో మామా. నాకు గుర్తు లేదు. తప్పు నాదే అయ్యుంటుంది,” అన్నాడు. బీరయ్య పెట్టిన సంగటి ముట్టకుండా దూరంగా పోయి పడుకున్నాడు.

లెక్కలయ్య తేలు కుట్టిన దొంగలా మెదలకుండా ఉండిపోయాడు. మధ్యాహ్నం గుట్ట వెనక్కి ఒక్కడే పోయాడు. వాగు రాళ్లు అయిదు ఏరి వరసగా పెట్టాడు. అవి అయిదని కూడా ఆయనకు తెలియదు. కాసిని రాళ్లు, అంతే. చుట్టూ ఎవరూ లేరు.

గిట్ట ఎత్తాడు. టక్, టక్, టక్, టక్, టక్... టక్... టక్...

ఆగలేదు. ఎక్కడ ఆగాలో ఏ రాయీ చెప్పలేదు. కొట్టీ కొట్టీ గిట్ట కింద గుంట పడింది. చెమట కళ్లలోకి కారింది. అప్పుడు గుర్తొచ్చింది: సంతలో ఒకసారి సాయన్నకు దగ్గు తెర వచ్చి అటు తిరిగిపోయాడు. తను కొడుతూనే ఉన్నాడు, జనం నవ్వేదాకా, సాయన్న కర్ర వీపున పడేదాకా. ఆ రోజు ఒంట్లో బాగాలేదనుకున్నాడు. బాగానే ఉంది. సాయన్న ముఖం కనబడలేదు, అంతే.

ఇన్నేళ్లూ తనకు వచ్చింది లెక్క కాదు. ఎదుటివాళ్ల ముఖం.

దానికంత సిగ్గు వేయలేదు. చుక్కమ్మ ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది. నిన్న ఆమె కళ్లలోకి చూసి ఉంటే పిల్ల లేదని తెలిసిపోయేది. ఎప్పుడూ తల్లుల ముఖాలే చదివినవాడు, ఆ ఒక్కరోజు చూడలేదు. చూడకుండా ఉండటమే విద్య అని నక్క చెబితే నమ్మాడు.

మధ్యాహ్నం నీడన పడుకున్న మంద మళ్లీ మేతకు కదలక ముందే తిరిగొచ్చి నడిమధ్యన నిలబడ్డాడు. తల నేలకు వాలిపోయింది.

“నాకు లెక్క రాదు,” అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

“రాదు. ఏనాడూ రాలేదు. మీ దవడలు చూసి చెప్పేవాణ్ణి. నిన్న మీరు లేరు. నక్క తల ఊపితే ‘సరి’ అన్నాను. పిల్ల అప్పటికి గోతిలో బతికే ఉంది. సింగడు పోతానన్నాడు, నేనే ఆపాను. పొద్దున ఆ తప్పును వాడి మీదికి తోశాను. వాడు కునుకు తియ్యలేదు.”

సింగడు లేచి నిలబడ్డాడు.  ఒక్క తిట్టు తిట్టి ఉంటే లెక్కలయ్యకు కాస్త ఊపిరాడేది.

“చుక్కమ్మా,” అన్నాడు లెక్కలయ్య, ఆమె వైపు చూడలేక. “సిగ్గుతో చచ్చిపోతున్నాను తల్లీ.”

“నీ సిగ్గు వచ్చి నా పాలు తాగుతుందా మామా?” అంది చుక్కమ్మ.

 బొల్లమ్మ ముందుకు వచ్చింది.

“చేతులు కాలాయి. ఇప్పుడు ఆకులు పట్టుకుని లాభం లేదు. కానీ ఆ నక్క మళ్లీ వస్తుంది. రుచి మరిగినవాడు ఊరుకోడు. లెక్కలయ్యా, దాని ముందు ఇంకొక్కరోజు పండితుడిలా నిలబడగలవా?”

ఆ మాట ఆయనకు వాత పెట్టినట్టయింది. అయినా తల ఊపాడు.

సాయంత్రం నక్క తుమ్మకాయలు పరుస్తుంటే సింగడు గాలికి ఎదురుగా, ఎండుగడ్డి మాటున పడుకుని చూస్తున్నాడు. బొల్లమ్మ మనవడు, అల్లరి పొట్టేలు పిల్ల, కాయలు తింటూ పోయి గోతిలో పడింది. నక్క కంచె దగ్గరికి ఉరికింది. సింగడు గోతిలోకి దూకి, పిల్లను మెడ పట్టి పైకి విసిరి, తానక్కడే నక్కి కూర్చున్నాడు.

“గురువుగారూ, సింగడేడి?” అంది నక్క కంచె అవతలినుంచి.

“నువ్వు చెప్పినట్టే తల్లుల దగ్గరికి పంపాను.”

“పొద్దున ఏదో గొడవైందట?”

“కుక్క నిద్రపోయింది. తిట్లు దానికే పడ్డాయి.” ఈ అబద్ధం రెండోసారి చెబుతుంటే లెక్కలయ్య నాలుక మండింది.

గిట్ట కొట్టడం మొదలైంది. నక్కకు ఆకలి ఆగడం లేదు. వెంటనే తల ఊపింది. గిట్ట ఆగలేదు. మళ్లీ ఊపింది. ఆగలేదు. కళ్లు మూసి, తెరిచి, మెడ నొప్పి పుట్టేలా ఊపింది. లెక్కలయ్య దాని ముఖంలోకే చూస్తూ కొడుతూనే ఉన్నాడు. అటు సింగడు గోతిలో సర్దుకున్నాడని కాకి సైగగా కావుమన్నాకనే గిట్ట దించాడు.

“సరి,” అన్నాడు.

“ఆహా, ఏం విద్య గురువుగారూ!” అని నక్క వెనక్కి తిరిగి ఒకే పరుగు. గోతి అంచునుంచి కింద చూసుకోకుండా దూకింది. మెత్తని పిల్ల ఉండాల్సిన చోట సింగడి పళ్లున్నాయి. ఆ పెనుగులాటలో నక్క వెనక కాలు విరిగింది, సగం తోక సింగడి నోట్లో ఉండిపోయింది. గోడ గీరుకుంటూ ఎలాగో పైకెక్కి, కుంటుతూ గుట్ట దాటిపోయింది. మళ్లీ ఆ వాగు వైపు రాలేదు.

మంద సంబరపడింది. “శభాష్ లెక్కలయ్యగారూ!” అని ఎవరో అరిచారు.

“ఆ పేరుతో పిలవకండి,” అన్నాడు గాడిద.

చుక్కమ్మ సంబరంలో లేదు. పెద్ద దొడ్డిలో పొదుగు సలుపుతుంటే కాళ్లు ఎడం చేసుకుని నిలబడి ఉంది. గాడిద ఆమె వైపు నడిచి, దగ్గరికి పోయే ధైర్యం లేక, నాలుగడుగుల ఇవతలే ఆగిపోయాడు.

మర్నాటినుంచి తల్లులు కంచె దగ్గర నిలబడి, ఎవరి పిల్లను వారే పిలుచుకున్నాయి. అన్ని గొంతులూ జవాబిచ్చాయి. సింగడు అలవాటు కొద్దీ గాడిద వైపు తిరిగి, “సరేనా మామా?” అన్నాడు.

గాడిద తల వంచుకున్నాడు.

“నాకు తెలియదురా. తల్లులనడుగు.”

నీతి: తెలియదని ఒప్పుకోవడం సిగ్గు కాదు, తెలుసని చెప్పి, తెలిసినవాళ్ల నోరు నొక్కడమే సిగ్గు.